జాయిన్ క్వెరీలకు పనికొచ్చే డాక్యుమెంటేషన్ రాయడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

జూన్, జులై నెలల్లో తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు గుజ్జు పరిశ్రమల ముందు బారులు తీరేటప్పుడు, చిత్తూరు పరిసరాల్లో డేటాబేస్ పని చేసే మా వంటి వారికి ఏటా ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. కాయలు తోలిన రైతు లెక్కలో కనిపించడం లేదని ఒకరు, కాటాలో తూగిన టన్నుల కంటే నివేదికలో టన్నులు ఎక్కువగా ఉన్నాయని మరొకరు అడుగుతారు. క్వెరీ, అంటే డేటాబేస్‌ను సమాచారం అడిగే వాక్యం, తెరిచి చూస్తే తప్పు దాదాపు ఎప్పుడూ జాయిన్ దగ్గరే, అంటే రెండు పట్టికల వరుసలను జత కలిపే చోటే దొరుకుతుంది. ఆ క్వెరీ రాసిన కుర్రవాడికి జాయిన్ వాక్యనిర్మాణం తెలియక కాదు. అతడు చదివిన పేజీలో ఏ పదం తర్వాత ఏ పదం రాయాలో ఉంది గాని, జత దొరకని వరుస ఏమవుతుందో, ఒకటికి మించి జతలు దొరికిన వరుస ఏమవుతుందో లేదు.

తిరుపతిలో ఉంటూ చిత్తూరు వైపు సంస్థలకు క్వెరీలు రాసిచ్చే క్రమంలో, మా బృందం కోసం ఇలాంటి పేజీని నేను మూడుసార్లు తిరగరాశాను. మొదటి రెండుసార్లు జాయిన్ రకాల పేర్లతో మొదలుపెట్టి విఫలమయ్యాను. మూడోసారి పైన చెప్పిన ఆ రెండు ప్రశ్నలతో మొదలుపెట్టాను. ఆ మూడో పేజీని తయారుచేసిన పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాను. డేటాబేస్‌కు ఇచ్చేటప్పుడు సెలెక్ట్, జాయిన్ వంటి పదాలను రోమన్ లిపిలోనే రాయాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

మొదటి అడుగు: రాయడానికి ముందు ప్రశ్నలు పోగుచేయండి

పాత ఫిర్యాదులను, బృందంలో కొత్తవారు అడిగిన సందేహాలను ఒకచోట చేర్చండి. వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచండి. "అన్నా, లెఫ్ట్ జాయినే రాశాను గదా, రైతులు ఎందుకు తగ్గిపోయారు?" అన్న ప్రశ్నను "అవుటర్ జాయిన్‌లో షరతుల స్థానం" అని మార్చి రాసుకుంటే ప్రశ్న చచ్చిపోతుంది. రెండో శీర్షిక జవాబు ముందే తెలిసినవాడికి తప్ప ఎవరికీ అర్థం కాదు. వెతికేవాడు తన ఇబ్బంది పేరుతోనే వెతుకుతాడు కనుక, పేజీలోని ఉపశీర్షికలు కూడా ఆ ఇబ్బందుల పేర్లతోనే ఉండాలి.

రెండో అడుగు: చిన్న డేటా, అందులో కావాలని పెట్టిన లోపాలు

జాయిన్ పేజీకి ప్రాణం నమూనా డేటా. చాలా పేజీల్లో ప్రతి ఉద్యోగికీ ఒక విభాగం, ప్రతి విభాగానికీ ఒక ఉద్యోగి ఉంటారు. అంత శుభ్రమైన డేటా మీద ఇన్నర్ జాయిన్ రాసినా, లెఫ్ట్ జాయిన్ రాసినా ఒకే ఫలితం వస్తుంది. చదివేవాడికి తేడా ఎక్కడా కనబడదు. అందువల్ల డేటాను లోపాలతో సహా అల్లుకోవాలి. మా పేజీలో రైతుల పట్టికలో మూడే వరుసలు ఉన్నాయి: 101, 102, 103. తూకాల పట్టికలో నాలుగు చీటీలు ఉన్నాయి:

చీటీ 1: రైతు 101, తోతాపురి, 4 టన్నులు
చీటీ 2: రైతు 101, తోతాపురి, 3 టన్నులు
చీటీ 3: రైతు 102, నీలం, 5 టన్నులు
చీటీ 4: రైతు సంఖ్య నల్ (విలువ లేని ఖాళీ గడి), తోతాపురి, 3 టన్నులు

ఇందులో ప్రతి వరుసకూ ఒక పని ఉంది. 101కి రెండు చీటీలు ఉన్నాయి. 103కు ఒక్కటీ లేదు. నాలుగో చీటీ మీద ర్యాంపు (కాయలు దించి తూచే చోటు) గుమాస్తా హడావిడిలో రైతు సంఖ్య నమోదు చేయలేదు. రెండో చీటీలోను, నాలుగో చీటీలోను బరువు ఒకటే కావడం కూడా కావాలని చేసినదే, దాని అవసరం తర్వాత తెలుస్తుంది. రైతుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న డేటాను నమూనాగా ఎన్నడూ వాడకండి. డాక్యుమెంటేషన్ పేజీ ఎన్ని చేతులు మారుతుందో రాసినవారికి తెలియదు.

మూడో అడుగు: ముందు వరుసల లెక్క, ఆ తర్వాతే పేర్లు

ఈ ఒక్క డేటా మీదే అన్ని జాయిన్‌లనూ నడిపి, ఎన్ని వరుసలు వచ్చాయో రాయండి. ఇన్నర్ జాయిన్‌కు 3 వరుసలు వస్తాయి: 103వ రైతూ రాడు, నాలుగో చీటీ రాదు. రైతుల నుంచి తూకాలకు లెఫ్ట్ జాయిన్ రాస్తే 4 వరుసలు వస్తాయి: 103 వస్తాడు, అతని పక్కన చీటీ కాలమ్‌లు నల్‌గా ఉంటాయి. రైట్ జాయిన్‌కూ 4 వరుసలే వస్తాయి, కాని అవి వేరే నాలుగు. ఈసారి 103 పోయి నాలుగో చీటీ వస్తుంది. రెండువైపులా జత దొరకని వరుసలను ఉంచే ఫుల్ జాయిన్‌కు 5, ప్రతి రైతునూ ప్రతి చీటీతో కలిపే క్రాస్ జాయిన్‌కు మూడు నాలుగుల 12. సంఖ్య ఒకటే అయినా వరుసలు వేరు కావచ్చన్నది లెఫ్ట్, రైట్ ఫలితాలను పక్కపక్కన పెట్టినప్పుడు చదివేవాడికి వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ "ఎడమ" అన్న మాటకు ఒక వివరణ తప్పనిసరి. క్వెరీని ఒకే గీతలో రాసినంత కాలం ఎడమ, కుడి కంటికి కనిపిస్తాయి. ఒక్కొక్క పట్టికను ఒక్కొక్క గీతలో రాసే అలవాటు వచ్చాక ఎడమ పట్టిక పైకి, కుడి పట్టిక కిందికి వెళ్లిపోయాయి. అందుకే "ఎడమ పట్టిక అంటే జాయిన్ అనే పదానికి ముందు రాసినది" అని ఒక వాక్యం పెట్టండి. మూడో పట్టిక చేరినప్పుడు, ఎడమవైపున ఉన్నది ఒక్క పట్టిక కాదు, అప్పటిదాకా జరిగిన జాయిన్‌ల మొత్తం ఫలితం అన్నది కూడా అక్కడే చెప్పాలి.

ఒకదానిపై ఒకటి ఎక్కిన రెండు గుండ్రాల బొమ్మను మాత్రం ఈ పేజీలో పెట్టకండి. ఆ బొమ్మ యూనియన్, ఇంటర్‌సెక్ట్ వంటి సమితుల పనికి సరిపోతుంది గాని జాయిన్‌కు సరిపోదు. 101వ రైతు ఒక్కడే అయినా ఫలితంలో రెండుసార్లు వస్తాడన్న సంగతిని గుండ్రాలు చూపలేవు. క్రాస్ జాయిన్‌కైతే అసలు బొమ్మే లేదు. దాని బదులు రెండు పట్టికలను పక్కపక్కన రాసి, జతపడిన వరుసల మధ్య గీతలు గీయండి. ఎన్ని గీతలుంటే ఇన్నర్ జాయిన్‌లో అన్ని వరుసలు. గీత లేకుండా మిగిలిన వరుసలను ఉంచాలా వద్దా అన్నదే లెఫ్ట్, రైట్, ఫుల్ అనే పదాల పని.

నాలుగో అడుగు: వాక్యనిర్మాణాన్ని చూపే చట్రం

వ్యాకరణ సూత్రం పెట్టడానికి ఇప్పుడే వేళ వచ్చింది. సూత్రంలో వాడే గుర్తులను ఆ పేజీలోనే వివరించండి. చదరపు బ్రాకెట్టు అంటే "ఐచ్ఛికం" అని రాసినవారికి తెలుసు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో పని చేసేవారు మాత్రం కాలమ్ పేర్ల చుట్టూ నిజంగానే చదరపు బ్రాకెట్లు రాస్తారు కనుక వాటిని అలాగే టైప్ చేసే ప్రమాదం ఉంది. ఎస్‌క్యూలైట్ అనే మరో డేటాబేస్ డాక్యుమెంటేషన్‌లో ఉన్నటువంటి రైలు పట్టాల బొమ్మ, పాకాల జంక్షన్ దగ్గర పట్టాలు విడిపోయినట్టు ఏ పదం దగ్గర ఎన్ని దారులున్నాయో చూపుతుంది గనుక, వీలైతే అదే మేలు.

ఏ పదాన్ని వదిలేయవచ్చో విడిగా చెప్పాలి. ఇన్నర్ అన్న పదం ఐచ్ఛికం. ఉత్త జాయిన్ అంటే ఇన్నర్ జాయిన్ అనే అర్థం. లెఫ్ట్, రైట్, ఫుల్ తర్వాత అవుటర్ అన్న పదం కూడా ఐచ్ఛికమే. ఈ ఒక్క ముక్క రాయకపోవడం వల్ల లెఫ్ట్ జాయిన్ వేరు, లెఫ్ట్ అవుటర్ జాయిన్ వేరు అని నమ్మే కుర్రవాళ్లను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను. క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్ ప్రమాణం ప్రకారం ఇన్నర్ జాయిన్‌కు జత షరతును చెప్పే ఆన్ లేదా యూజింగ్ ఉండాలి, క్రాస్ జాయిన్‌కు ఉండకూడదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో జాయిన్, ఇన్నర్ జాయిన్, క్రాస్ జాయిన్ మూడూ ఒకదాని బదులు ఒకటి వాడదగినవి. అంటే అక్కడ ఆన్ షరతు మరచిపోయినా తప్పు చూపదు, పన్నెండు వరుసలు మౌనంగా ఇస్తుంది.

ఐదో అడుగు: ఆన్‌లో పెట్టాలా, వేర్‌లో పెట్టాలా

పేజీలో ఎక్కువ చోటు దీనికే ఇవ్వండి. ప్రశ్న ఇదీ: రైతులందరినీ చూపాలి, వారి పక్కన తోతాపురి తూకాలు మాత్రమే రావాలి. కింద రై, తూ అన్నవి పట్టికలకు పెట్టుకున్న పొట్టి పేర్లు.

సెలెక్ట్ రై.రైతు_సంఖ్య, తూ.చీటీ, తూ.టన్నులు
ఫ్రమ్ రైతులు రై
లెఫ్ట్ జాయిన్ తూకాలు తూ
ఆన్ తూ.రైతు_సంఖ్య = రై.రైతు_సంఖ్య
అండ్ తూ.రకం = 'తోతాపురి'

ఇది 4 వరుసలు ఇస్తుంది: 101కి రెండు, 102కు నల్‌తో ఒకటి, 103కు నల్‌తో ఒకటి. చివరి షరతును అండ్ నుంచి తీసి వేర్ కింద పెట్టండి. ఇప్పుడు 2 వరుసలే మిగులుతాయి, రెండూ 101వి. ఆన్ షరతు జత కుదిరేటప్పుడు పని చేస్తుంది. అది విఫలమైతే ఎడమ వరుస పోదు, నల్‌లతో నిలుస్తుంది. వేర్ షరతు జతలన్నీ కుదిరాక పని చేస్తుంది; నల్‌ను తోతాపురితో పోల్చితే నిజం రాదు కనుక, లెఫ్ట్ జాయిన్ కాపాడిన వరుసలను అది తిరిగి తీసేస్తుంది. అలా లెఫ్ట్ అని రాసిన జాయిన్ నడతలో ఇన్నర్ అయిపోతుంది.

చాలామంది పుస్తకాలలో ఇంతవరకే రాసి ఆపుతారు. ఒక అడుగు ముందుకు వెళ్లి, ఆఫీసుల్లో ప్రచారంలో ఉన్న తప్పు మందును కూడా పేజీలో చూపండి. "వేర్ తూ.రకం = 'తోతాపురి' ఆర్ తూ.రకం ఈజ్ నల్" అని రాస్తే సరిపోతుందని నమ్మేవారు ఎందరో ఉన్నారు. మన డేటా మీద అది 3 వరుసలు ఇస్తుంది. 103 తిరిగి వస్తాడు, కాని 102 రాడు. ఎందుకంటే 102కు నీలం కాయల చీటీతో జత కుదిరింది. అతని వరుసలో రకం నల్ కాదు, తోతాపురీ కాదు. నాలుగు, రెండు, మూడు అన్న ఈ మూడు ఫలితాలను ఒకే చోట ముద్రిస్తే, పేజీలోని మిగతా వివరణ అంతా మరచిపోయినా అవి గుర్తుంటాయి.

కాయలు తోలని రైతులను మాత్రమే వెతకడం దీనికి దగ్గరి ప్రశ్నే. లెఫ్ట్ జాయిన్ చేసి చీటీ ఈజ్ నల్ అని అడిగినా, అలాంటి వరుస ఒక్కటీ లేదా అని చూసే నాట్ ఎగ్జిస్ట్స్ వాడినా 103 వస్తాడు. నాట్ ఇన్ వాడి తూకాలలోని రైతు సంఖ్యల జాబితాతో పోల్చితే ఒక్క వరుసా రాదు. ఆ జాబితాలో నాలుగో చీటీ తాలూకు నల్ ఉండడమే కారణం: నల్‌తో పోల్చినప్పుడు "జాబితాలో లేడు" అన్నది నిజమని తేలదు.

ఆరో అడుగు: వరుసలు పెరిగినప్పుడు మొత్తాలు ఏమవుతాయి

ఇక చెల్లింపుల పట్టికను చేర్చండి. ఒకటో చీటీకి రెండు విడతలు ఇచ్చారు: 20,000, 12,000 రూపాయలు. మూడో చీటీకి ఒకే విడతలో 40,000 ఇచ్చారు. మిగతా రెండింటికీ ఇంకా ఇవ్వలేదు. తూకాల నుంచి చెల్లింపులకు లెఫ్ట్ జాయిన్ చేసి టన్నులను కూడితే 15 రావలసిన చోట 19 వస్తుంది. ఒకటో చీటీ రెండు విడతలతో జతపడి రెండుసార్లు వచ్చింది, దాని 4 టన్నులు రెండుసార్లు కూడాయి. కాటా లెక్కకు, నివేదికకు పడే తేడా పుట్టేది ఇక్కడే.

దీనికి కూడా ఒక తప్పు మందు ఉంది. కూడిక చేసే సమ్ లోపల డిస్టింక్ట్ (ఒకే విలువను ఒక్కసారే తీసుకోమనే పదం) పెట్టేస్తారు. రెండో చీటీ, నాలుగో చీటీ బరువులు రెండూ 3 కావాలని పెట్టింది ఇందుకే: డిస్టింక్ట్ పెడితే 12 వస్తుంది, ఒక మూడు మాయమవుతుంది. మా పేజీ తొలి రూపంలో నాలుగో చీటీ బరువు 2 అని ఉండేది. అప్పుడు డిస్టింక్ట్ తప్పు అయినా సరైన మొత్తమే ఇచ్చేది. దాన్ని చూసి ఒకతను అదే పద్ధతిని అసలు నివేదికలో పెట్టాడు. నమూనా డేటాను నిర్లక్ష్యంగా అల్లితే అది అబద్ధం నేర్పుతుంది.

సరైన పద్ధతిని పూర్తి క్వెరీగా ఇవ్వండి:

సెలెక్ట్ సమ్(తూ.టన్నులు), సమ్(చె.ఇచ్చింది)
ఫ్రమ్ తూకాలు తూ
లెఫ్ట్ జాయిన్ (
సెలెక్ట్ చీటీ, సమ్(మొత్తం) యాజ్ ఇచ్చింది
ఫ్రమ్ చెల్లింపులు
గ్రూప్ బై చీటీ
) చె ఆన్ చె.చీటీ = తూ.చీటీ

లోపలి క్వెరీ చీటీకి ఒక్క వరుసే ఉండేలా ముందే కూడుతుంది కనుక, బయటి జాయిన్‌లో ఏ చీటీ రెండుసార్లు రాదు. 15 టన్నులు, 72,000 రూపాయలు వస్తాయి. పట్టికల వివరణ రాసేటప్పుడు ప్రతి జాయిన్ పక్కన "ఒకటికి ఒకటి", "ఒకటికి అనేకం" అని గుర్తు పెట్టే అలవాటును కూడా ఇక్కడే సూచించండి.

ఏడో అడుగు: కామా, బ్రాకెట్లు, ముందు ఎవరు

జాయిన్ అనే పదాన్ని స్పష్టంగా రాసే పద్ధతి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి 1992లో వచ్చింది. అంతకు ముందు పట్టికల పేర్ల మధ్య కామా పెట్టి, షరతును వేర్‌లో రాసేవారు. అవుటర్ జాయిన్ కోసం ఒరాకిల్ డేటాబేస్‌లో కాలమ్ పక్కన బ్రాకెట్లలో ప్లస్ గుర్తు, సైబేస్‌లోనూ పాత ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ సమానం గుర్తు పక్కన నక్షత్రం పెట్టేవారు. ఒరాకిల్ ప్రమాణ పద్ధతిని 9ఐ రూపం (వెర్షన్)తో చేర్చింది. ఆ పాత క్వెరీలు ఇప్పటికీ ఆఫీసుల్లో నడుస్తున్నాయి కనుక, చదవడానికి సరిపడా వివరించి, కొత్తగా అలా రాయవద్దని స్పష్టంగా చెప్పండి.

రెండు పద్ధతులనూ ఒకే క్వెరీలో కలిపినప్పుడే అసలు చిక్కు. మండలాల పట్టిక కూడా ఉందనుకోండి:

ఫ్రమ్ రైతులు రై, మండలాలు మం
జాయిన్ తూకాలు తూ ఆన్ తూ.రైతు_సంఖ్య = రై.రైతు_సంఖ్య

చదివేవాడు ఎడమ నుంచి కుడికి చదివి, రైతులు, మండలాలు ముందు కలిసి, తర్వాత తూకాలు చేరతాయనుకుంటాడు. జాయిన్‌కు కామా కంటే పట్టు ఎక్కువ. ముందు మండలాలు, తూకాలు కలుస్తాయి. ఆ ఆన్ షరతుకు రైతుల పట్టిక కనిపించదు, తప్పు చూపుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో 5.0.12 కు ముందు కామాకు, జాయిన్‌కు ఒకే పట్టు ఉండేది కనుక ఇదే క్వెరీ నడిచేది. పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారిన రోజున "నిన్నటి దాకా నడిచింది గదా" అన్న గొడవ వచ్చేది అందువల్లనే. ఈ తప్పు సందేశం పూర్తి పాఠాన్ని మీ పేజీలో ఉన్నదున్నట్టుగా అతికించండి. ఇబ్బందిలో ఉన్నవాడు వెతికేది ఆ సందేశంతోనే.

బ్రాకెట్లు లేనప్పుడు జాయిన్‌లు ఎడమ నుంచి కుడికి జరుగుతాయి. లెఫ్ట్ జాయిన్ తర్వాత వచ్చే ఇన్నర్ జాయిన్ షరతులో ఆ లెఫ్ట్ జాయిన్ కుడి పట్టిక కాలమ్ ఉంటే, నల్‌లతో నిలిచిన వరుసలన్నీ అక్కడ రాలిపోతాయి. రెండు కుడి పట్టికలను బ్రాకెట్లలో ముందు కలిపి, ఆ మొత్తానికి లెఫ్ట్ జాయిన్ రాస్తే రాలవు. బ్రాకెట్లతో ఒకటి, లేకుండా ఒకటి రాసి వరుసల సంఖ్యలను పక్కన పెట్టండి.

ఎనిమిదో అడుగు: యూజింగ్, న్యాచురల్

యూజింగ్ గురించి రెండు వాక్యాలు చాలు. రెండు పట్టికల్లోనూ కాలమ్ పేరు ఒకటే అయినప్పుడు వాడవచ్చు. ఫలితంలో ఆ కాలమ్ ఒక్కసారే వస్తుంది.

న్యాచురల్ జాయిన్‌కు మాత్రం హెచ్చరిక అవసరం. అది రెండు పట్టికల్లోనూ ఒకే పేరున్న కాలమ్‌లన్నిటినీ తనంతట తానే షరతుగా తీసుకుంటుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు, నేను పని చేస్తున్న ఒక చోట రైతుల పట్టికలోను, మండలాల పట్టికలోను "జిల్లా" అనే కాలమ్‌ను కొత్తగా చేర్చారు. మండలాల పట్టికలో చంద్రగిరి ఎదురుగా తిరుపతి అని సరిగ్గానే రాశారు. రైతుల పట్టికలో మాత్రం అందరికీ చిత్తూరు అనే నింపారు. అప్పటిదాకా మండల సంఖ్య ఒక్కదానితో కలిసే న్యాచురల్ జాయిన్ ఆనాటి నుంచి జిల్లాతో కూడా కలవడం మొదలుపెట్టింది, చంద్రగిరి రైతులు నివేదికలోంచి మాయమయ్యారు. తప్పు సందేశం లేదు. క్వెరీలో ఒక్క అక్షరం మారలేదు. ఒకే పేరున్న కాలమ్ ఒక్కటీ లేకపోతే అది క్రాస్ జాయిన్ అవుతుందన్నది కూడా చేర్చి, మా పేజీలో "ఇక్కడ న్యాచురల్ వాడరాదు" అని రాశాము. డాక్యుమెంటేషన్ తటస్థంగా ఉండాలనేవారు ఈ వాక్యానికి అభ్యంతరం చెప్పారు, నేను తీయలేదు.

తొమ్మిదో అడుగు: ఏ డేటాబేస్, ఏ రూపం

ప్రతి ఉదాహరణ దేనిమీద నడిపారో రాయండి. ఫుల్ జాయిన్ పోస్ట్‌గ్రెస్‌లో ఉంది, మైఎస్‌క్యూఎల్‌లో లేదు. ఎస్‌క్యూలైట్‌లో రైట్, ఫుల్ జాయిన్‌లు 2022లో వచ్చిన 3.39 నుంచే ఉన్నాయి. పాత ఫోన్‌లోని యాప్‌లో అవి నడవకపోవచ్చు. లేనిచోట బదులు ఏం రాయాలో కూడా ఇవ్వండి: లెఫ్ట్ జాయిన్ ఫలితానికి, రైట్ జాయిన్‌లో జత దొరకని వరుసలను మాత్రమే, ఒక ఫలితం కింద మరొకటి చేర్చే యూనియన్ ఆల్‌తో కలపాలి. ఉత్త యూనియన్ వాడితే నిజంగానే ఒకేలా ఉన్న వరుసలు కూడా ఒకటైపోతాయి.

పదో అడుగు: పేజీని నడిపి చూడండి

నమూనా పట్టికలను సృష్టించే వాక్యాలను, పేజీలోని ప్రతి క్వెరీని, దాని పక్కన రాసిన వరుసల సంఖ్యను ఒకే ఫైలులో పెట్టండి. పేజీని మార్చిన ప్రతిసారీ, సర్వర్ రూపం మారిన ప్రతిసారీ ఆ ఫైలును నడపండి. తర్వాత, ఆ వారం కొత్తగా చేరినవారికి పేజీ ఇచ్చి, ఫలితాల భాగాన్ని కాగితంతో మూసి, ఎన్ని వరుసలు వస్తాయో పెన్సిల్‌తో రాయమనండి. పక్కన కూర్చోండి గాని వివరించకండి. మా దగ్గర పోయిన సీజన్‌లో కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఐదో అడుగులోని మూడో క్వెరీకి నాలుగు అని రాశారు. ఆ రోజే "102కు నీలంతో జత కుదిరింది" అన్న వాక్యాన్ని ఆ పేరా చివరి నుంచి మొదటికి మార్చాము.